లైట్ల ట్రాన్స్‌ఫార్మర్

పోయిన వారం నవనీతను రిలే ప్యానెళ్ల ముందు, చేతిలో స్క్రూడ్రైవర్‌తో నిలబెట్టి వదిలేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. తీగ తెగితే లైనును ఆపేసే ఫీడర్ రిలేను పరీక్ష చేసి, "దీంట్ల ఏ లోపం లేదు" అని ఒక్క ముక్క చెప్పింది. ఆ ముక్కతో ఒక కుర్రవాడి బతుకు తెల్లారిపోయేలా ఉందని ఆమెకు తెలుసు. తెలిసీ చెప్పింది, ఎందుకంటే రిలే నిజంగానే బాగుంది.

ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ల కోసం జరిగిన సంగతి కొంచెం చెప్పాలి. మిగతావాళ్లు ఓపిక పట్టండి. మహబూబ్‌నగర్ దాటి పడమటికి పోతే ఎర్రచెలకల నడుమ ఒక సోలార్ ప్లాంటు ఉంది. దాని లైన్లు నాలుగు, చుట్టుపక్కల చేలమీదుగా సాగి కంట్రోల్ రూమ్ దగ్గర కలుస్తాయి. మృగశిర గాలికి రెండో నంబర్ లైను తీగ తెగి, దున్ని పెట్టిన చెలకలో పడింది. లైన్‌మన్ గుర్వయ్య ఆ తీగను చూసి, వాకీటాకీలో కంట్రోల్ రూమ్‌ను అడిగాడు: మన లైన్ నిలబడి ఉందా, అంటే ట్రిప్ కాకుండా కరెంటు నడుస్తోందా, లేదా అని. డ్యూటీలో ఉన్న ఆపరేటర్ వెంకటేశ్, లైను ఒకసారి ఆపి మళ్లీ వేసి చూసి, "నిలబడ్డది కాకా" అన్నాడు. మన లైను నిలబడిందంటే కింద పడింది మనది కాదు. పక్కనే ఉన్న పాత మోటార్ల లైనుది, దానికి కరెంటు తీసేసి ఏళ్లయింది. గుర్వయ్య అలా అనుకునే తీగను పక్కకు లాగబోతే షాక్ కొట్టింది. మహబూబ్‌నగర్ దవాఖానలో ఆయన కుడిచెయ్యి తీసేశారు. స్పృహ ఇంకా రాలేదు.

వెంకటేశ్ మీద నింద ఏమిటంటే, తీగ నేలమీద ఉండగా లైను నిలబడటం అసాధ్యం కాబట్టి, అతను ఏదో చేసి ఉండాలి. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని విసుగుపడి ఫీడర్ రిలేను పక్కకు తప్పించి ఉండాలి. అలా చేయలేదని అతను నెత్తీనోరూ కొట్టుకున్నాడు. అతన్ని పనిలోంచి ఆపేశారు. విచారణలో రిలేలు పరీక్షించడానికి నవనీతను పిలిపించారు. ఈ సాయంత్రానికి విచారణ రిపోర్టు పోలీస్ స్టేషన్‌కు చేరుతుంది. అందులో ఏముంటే అదే కేసు.

ఇక కథలోకి వద్దాం.

"ఫీడర్ రిలే మంచిగున్నది అన్నరు కద మేడం. మరింకేం? సంతకం చేసి ఇయ్యున్రి" అన్నాడు కమలాకర్. ప్లాంటు మేనేజర్ ఆయన. ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చోవడం తెలిసిన మనిషి. ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు, అనిపించుకోడు.

"ఇంకో రిలే చూడాలె సార్" అంది నవనీత.

"ఏది?"

ఆమె వరుసలో చివరి ప్యానెల్ వైపు చూపించింది. కమలాకర్ నవ్వాడు. ఈ పూట డ్యూటీలో ఉన్న ఆపరేటర్ విజేందర్ కూడా నవ్వాడు. మేనేజర్ నవ్వితే నవ్వాలి కదా.

"అది లైట్ల ట్రాన్స్‌ఫార్మర్‌ది మేడం. దాంతోని మనకేం పని?"

ఆ ప్లాంటులో దాన్ని అందరూ అలాగే పిలుస్తారు. యార్డులో ఒక మూలన బూడిదరంగు డబ్బాలా ఉండే ఆ ట్రాన్స్‌ఫార్మర్ నుంచే కంట్రోల్ రూమ్ లైట్లకు, ఫ్యాన్లకు, ఏసీకి కరెంటు వస్తుంది. అది ఆగితే గది చీకటవుతుంది, ఆపరేటర్ డీజిల్ ఇంజన్ వేస్తాడు, తీరిక దొరికినప్పుడు దాన్ని మళ్లీ ఆన్ చేస్తాడు. అంతకు మించి దాని గురించి ఎవరూ పట్టించుకోలేదు. దాని ఒంటిమీద ఉన్న రేకుపై ఎర్తింగ్ ట్రాన్స్‌ఫార్మర్ అని పెద్ద అక్షరాలతోనే రాసి ఉంది. చదివినవాళ్లు లేరని కాదు, చదివినా పిలిచే పేరు మారలేదు.

"గుర్వయ్యకు దెబ్బ తగిలిన దినం గీ లైట్లు పోయినయా?" అని నవనీత అడిగింది. అడిగింది కమలాకర్‌ను కాదు. గోడ పక్కన స్టూలు మీద, ఎవరికీ ఎదురుపడకుండా కూర్చున్న వెంకటేశ్‌ను.

"పోయినయ్ మేడం" అన్నాడతను. "ముందుగాల లైట్లే పోయినయ్. గాలొస్తే ఎప్పుడూ పోతయ్. డీజిల్ ఇంజన్ ఏసి వచ్చిన. అటెన్కనే గుర్వయ్య కాక పిలిచిండు."

"నువ్వు అడిగినదానికే చెప్పు" అన్నాడు కమలాకర్, మెల్లగా.

"అడిగిందే చెప్తున్నడు సార్" అంది నవనీత. ఆమె గొంతులో కొంచెం కారం ఉంది. దాన్ని ఆమె దాచుకోలేదు.

అప్పటిదాకా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్న రామచంద్రయ్య తల ఎత్తాడు. విచారణ అధికారి ఆయనే. కరెంటు ఆఫీసులో డీఈగా రిటైరయిన మనిషి. నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ అంతటా ఆయన చేతికింద పనిచేసినవాళ్లు ఇప్పటికీ ఆయన పేరు చెబితే నిలబడి మాట్లాడతారు. నవనీతది రామన్నపేట. కాలేజీ అయిపోయిన కొత్తలో, ఆడపిల్లకు రిలే పనేమిటని అందరూ దాటవేస్తే, చేతికి టెస్టింగ్ కిట్ ఇచ్చి పని నేర్పింది ఆయనే. ఆమెకు ఆయన మీద ఉన్నది గౌరవం అంటే చాలదు. ఆయన తప్పు చేయగలడని ఆమెకు ఇంతవరకూ తోచలేదు.

"మనుషులు అబద్ధమాడుతరు, లైను ఆడదు" అనేవాడు ఆయన పాఠం చెప్పేటప్పుడు. లైను ఆగిపోతే ఒకసారి మళ్లీ వేసి చూడు. ట్రయల్ ఛార్జ్ అంటారు దాన్ని. తీగ తెగి ఉంటే రెప్పపాటులో మళ్లీ ట్రిప్ కొడుతుంది. నిలబడిందా, లైను మంచిది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఆపరేటర్లందరూ ఈ ఒక్క సూత్రం మీదే నౌకరీలు చేశారు. అది తప్పు సూత్రమేమీ కాదు. ఊళ్లకు కరెంటు ఇచ్చే సబ్‌స్టేషన్లలో ఇప్పటికీ చాలామటుకు నిజం.

"చూడనియ్యి కమలాకర్" అన్నాడు రామచంద్రయ్య. "చూస్తే పోయేదేమున్నది. అయినా బిడ్డా, దాంట్ల నీకేం దొరకదు."

"దొరకకుంటే మంచిదే సార్" అంది నవనీత.

ఆమె పని మొదలుపెట్టింది. ముందుగా రెండు రిలేల నుంచి, కరెంటు తెంచే బ్రేకర్లకు పోయే లింకులు విప్పింది, పరీక్షలో రిలే కొట్టినా బయట ఏదీ ఆగకుండా. తర్వాత కిట్ నుంచి రెండు జతల తీగలు తీసి, ఒక జత రెండో నంబర్ ఫీడర్ రిలేకు, ఒక జత చివరి ప్యానెల్ రిలేకు కలిపింది. నేలమీద తీగ పడినప్పుడు ఆ రెండు రిలేలు ఏ కరెంటు చూస్తాయో అదే కరెంటు కిట్ నుంచి ఒకేసారి రెండింటికీ ఇవ్వాలి. ఏది ముందు కొడుతుందో చూడాలి. అంతే పరీక్ష.

ఫీడర్ రిలే ముందు కొట్టాలి. అది తెగిన లైను ఒక్కటే ఆపేస్తుంది, మిగతా మూడూ నడుస్తాయి. చివరి ప్యానెల్ రిలే ఓపికగా వెనక నిలబడి ఉండాలి. ఫీడర్ రిలే ఏ కారణం చేతో పని చేయకపోతేనే అది కదలాలి.

బయట గాలి లేచింది. కిటికీ రెక్క కొట్టుకుంటుంటే విజేందర్ వెళ్లి గడియ పెట్టి వచ్చాడు. ఎర్రదుమ్ము అద్దాల మీద పరుచుకుంది.

నవనీత బటన్ నొక్కింది.

చివరి ప్యానెల్‌లో టక్కున చప్పుడైంది. ఫీడర్ రిలే ఇంకా లెక్కపెట్టుకుంటూనే ఉంది. కొంచెం ఆగి అది కూడా కొట్టింది.

ఆమె రెండోసారి చేసింది. కరెంటు తగ్గించి మూడోసారి చేసింది. ప్రతిసారీ అదే వరస. లైట్ల ట్రాన్స్‌ఫార్మర్ రిలే ముందు, ఫీడర్ రిలే వెనక.

నవనీత కిట్ ఆపేసింది. ఇక్కడికి వచ్చేటప్పుడు బస్సులో ఆమె ఊహించింది ఇదే. కానీ ఊహించింది నిజమైతే సంతోషం కలుగుతుందనుకుంది. అలాంటిదేమీ కలగలేదు. దవాఖాన మంచం మీద చెయ్యి లేని ఒక మనిషి కళ్ల ముందు కదిలాడు.

"ఏమైంది మేడం? రెండు రిలేలు పని చేస్తున్నయ్ కద" అన్నాడు కమలాకర్.

"రెండూ పని చేస్తున్నయ్. వరసనే తప్పున్నది" అని ఆమె కుర్చీ లాక్కుని వాళ్లకు ఎదురుగా కూర్చుంది. "సార్, తెగిన తీగ నేలను తాకితే కరెంటు భూమిల దిగుతది. దిగింది మళ్ల ఇంటికి రావాలంటే తొవ్వ కావాలె. మామూలు సబ్‌స్టేషన్ల పెద్ద ట్రాన్స్‌ఫార్మరే ఆ తొవ్వ. ఇక్కడి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కు భూమితోని సంబంధం లేదు. అందుకని తొవ్వ కోసం వేరేగ ఇంకోటి పెట్టిన్రు. అదే మీరు లైట్లది అంటున్నది. లైట్లు దాని పక్క పని. అసలు పని తొవ్వ ఇచ్చుడు."

"సరే."

"ఫీడర్ రిలే ఆ తొవ్వల వచ్చే కరెంటును చూసే లైన్ ఆపుతది. లైట్లది ముందుగాల కొట్టి ఆగి, తొవ్వనే మూసుకపోతే ఫీడర్ రిలే ఏం చూస్తది? దానికి కరెంటే కనబడదు. తీగ భూమి మీదనే ఉంటది, లైన్ల కరెంటు ఉంటది, రిలే మాత్రం అంతా బాగనే ఉన్నదనుకుంటది. గప్పుడు ఎన్నిసార్లు ట్రయల్ ఛార్జ్ చేసినా..."

ఆమె వెంకటేశ్ వైపు తిరిగింది.

"నిలవడుతది" అన్నాడు వెంకటేశ్. స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు. "నేను చెప్పలే మేడం? నిలవడ్డది. నా కండ్లతోటి చూసిన. ఎవ్వరు నమ్మలే."

ఇన్ని రోజులూ గోడకు చెప్పుకున్నట్టు చెప్పుకున్న మాట మొదటిసారి ఒక మనిషి చెవికెక్కింది. ఏడవకూడదని గట్టిగా అనుకున్నాడు కానీ కళ్లు అతని మాట వినలేదు.

"ఇంకోటడుగుత" అంది నవనీత. "గప్పుడు ఓల్టు మీటర్లు ఎట్లున్నయి?"

"ఒకటి కిందికొచ్చింది, రెండు పైకి పోయినయ్. ఎన్నడు గట్ల చూడలే. సార్‌కు గూడ చెప్పిన." వెంకటేశ్ రామచంద్రయ్య వైపు చూసి చూపు దించుకున్నాడు. "మీటర్లు ఖరాబైనయేమో అన్నరు."

నవనీత రామచంద్రయ్యను చూసింది. తొవ్వ మూసుకుపోయిన లైన్ల మీద తీగ నేలకు తాకితే ఓల్టు మీటర్లు సరిగ్గా అలాగే నడుస్తాయి. తాకిన తీగది తగ్గుతుంది, మిగతా రెండూ పెరుగుతాయి. ఆ గుర్తు తెలియనివాడు దాన్ని ఊహించి చెప్పలేడు. ఈ సంగతి ఆమెకు నేర్పింది ఎవరో కాదు. నల్లగొండలో, బోర్డు మీద సుద్దముక్కతో మూడు గీతలు గీసి చూపించింది ఈ పెద్దమనిషే. మరి ఈయనకు ఎలా తట్టలేదు? ఎవరైనా ఒక మాట నమ్మదలచుకోకపోతే ఎంత తెలిసినవాడికైనా ఏదీ తట్టదు కాబోలు.

రామచంద్రయ్య కళ్లద్దాలు మళ్లీ తుడిచాడు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

"వరస ఎందుకు తప్పింది?" అని అడిగాడాయన. మాట మామూలుగానే ఉంది.

"ఎంత కరెంటుకు కొట్టాల్నో చెప్పే అంకె తక్కువున్నది సార్. సరిగ్గ ఉండాల్సినదాంట్ల మూడో వంతే ఉన్నది."

"మూడో వంతా?"

"అవు సార్. ఈ ట్రాన్స్‌ఫార్మర్‌కు మూడు కాళ్లు కద. భూమిలకెల్లి వచ్చిన కరెంటు మూడింటికి సమానంగ పంచుకొని పైకి పోతది. రిలేను ఒక్క కాలికి కడితే మూడో వంతే చూస్తది, గా అంకె దానికి సరిపోయింది. ఇప్పుడు రిలే మూడు కాళ్లు కలిసే న్యూట్రల్‌కు కట్టి ఉన్నది. మూడు కాల్వలు కలిసిన కాడ నీళ్లు కొలుస్తూ ఒక్క కాల్వ గీత పెట్టుకుంటే ఎప్పుడు చూసినా వరదే కనవడుతది. చిన్న గాలొస్తే చాలు, ఇది గాబరపడి అందరికంటె ముందు కొడుతది. వైర్లు జరిపిన్రు. అంకె జరపలే."

విజేందర్ ఏదో పని గుర్తొచ్చినవాడిలా ప్యానెల్ దీపాల వైపు తిరిగాడు.

"ఎవరు జరిపిన్రు?" అని నవనీత అడిగింది.

ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సిందని ఆమె తర్వాత చాలాకాలం అనుకుంది. అడగకపోతే ఎలా అని కూడా అనుకుంది.

కమలాకర్ టేబుల్ మీద ఉన్న రిపోర్టు కాగితాలను అంచులు సమానంగా వచ్చేలా తట్టాడు. "నిరుడు పాతది కాలిపోయింది మేడం. కొత్తది తెప్పిచ్చినం. అప్పుడు సలహా కోసం సార్‌నే పిలిచినం. సారే దగ్గరుండి బిగిపిచ్చిండు. ఇట్ల న్యూట్రల్‌కు కడితేనే మంచిదని సారే చెప్పిండు. అంకె గురించి మాకేం తెలుస్తది?"

రామచంద్రయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. బయట దుమ్ము తప్ప ఏమీ లేదు.

న్యూట్రల్‌కు కట్టమనడం సరైన సలహానే. పుస్తకాలూ అదే చెబుతాయి. కానీ కట్టినాక ఒక అంకెను మూడింతలు చేయాలి. అంతే. ఒక వేలితో నొక్కే పని. అది మరిచిపోయారు. ఎవరో పిలిచి ఉంటారు, ఫోన్ మోగి ఉంటుంది, అన్నానికి పొద్దుపోయి ఉంటుంది. తర్వాత ట్రయల్ ఛార్జ్ చేసి ఉంటారు. నిలబడి ఉంటుంది. నిలబడింది కాబట్టి అంతా బాగుందని సంతోషంగా ఇంటికి పోయి ఉంటారు.

"సార్" అంది ఆమె.

"నవనీతా, నువ్వు నీ పని చేసినవు" అన్నాడు రామచంద్రయ్య, ఇటు తిరగకుండా.

కమలాకర్ గొంతు సవరించుకున్నాడు. "చూడున్రి, జరిగిందేదో జరిగింది. రిపోర్టు రెండు తీర్ల రాయొచ్చు. ఆపరేటర్ నిర్లక్ష్యం అని రాస్తే ఇక్కడికి అయిపోతది. వెంకటేశ్‌కు కంపెనీ తరఫున వకీలును పెడతం, ఇంకో ప్లాంట్ల పనిప్పిస్తం. వయసున్నోడు, లేచి నిలబడతడు. రిలే తప్పు అని రాస్తే మాత్రం పేరు రాయాల్సొస్తది. సార్ పేరు. ఈ వయసుల సార్ కోర్టు మెట్లెక్కాలె. అది మీకిష్టమేనా మేడం?"

ఎంత సౌమ్యంగా చెప్పాడంటే వినేవాళ్లకు అందులో బెదిరింపు ఎక్కడుందో వెతుక్కోవాలి. ప్లాంటు పేరు, ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను లైట్లదని పిలుచుకుని వదిలేసిన మేనేజర్ పేరు, రెండు తీర్లలో ఏ తీరులోనూ లేవు. అంత తెలివి ఆయనకు ఉంది.

"నా ఇష్టంతోని పని లేదు సార్" అంది నవనీత. "ముందుగాల ఒకటి చెయ్యనియ్యున్రి. గా అంకె ఇప్పుడే మారుస్త. బయట గాలి చూస్తున్నరు కద."

"అంకె మార్చాలంటే హెడ్డాఫీసు పర్మిషన్ కావాలె."

"ఫోన్ చెయ్యున్రి."

"చేస్తం. విచారణ నడుస్తుంటే ఏదీ ముట్టద్దని వాళ్లే చెప్పిన్రు. మీరు ఇప్పుడు మారిస్తే, తప్పు ఉన్నదని మనమే ఒప్పుకున్నట్టయితది. ఉన్నది ఉన్నట్టు పెట్టేయున్రి మేడం. సాయంత్రందాంక ఏం కాదు."

నవనీత రామచంద్రయ్య వైపు చూసింది. విచారణ అధికారి ఒక్క మాట అంటే చాలు. ఆయన అనలేదు. ఆమెకు ఆయన మీద ఆ క్షణంలో కోపం వచ్చింది. తండ్రి మీద వచ్చే కోపం లాంటిది, చెప్పుకోలేనిది. కిట్ తీగలు ఊడదీసి, విప్పిన లింకులు మళ్లీ బిగించింది. రిలే పాత అంకెతోనే పనిలోకి వెళ్లింది. ప్యానెల్ తలుపు వేసేటప్పుడు అది కొంచెం గట్టిగానే పడింది.

రామచంద్రయ్య వచ్చి టేబుల్ దగ్గర కూర్చున్నాడు. రిపోర్టు కాగితం ముందుకు లాక్కున్నాడు. పెన్ను మూత తీశాడు.

"వెంకటేశ్" అన్నాడు.

"సార్."

"నువ్వు ఆ దినం ట్రయల్ ఛార్జ్ ఎందుకు చేసినవు?"

"గట్లనే చెయ్యాలన్నరు సార్. ట్రైనింగ్‌ల చెప్పిన్రు."

"ఎవరు చెప్పిన్రు?"

ఆ ప్లాంటులో ఆపరేటర్లకు ట్రైనింగ్ ఇచ్చింది ఎవరో ఆ గదిలో అందరికీ తెలుసు. అడిగినవాడికి అందరికంటే బాగా తెలుసు.

"మీరే సార్" అన్నాడు వెంకటేశ్.

రామచంద్రయ్య తల ఊపాడు. పెన్ను కాగితం మీద ఆనించాడు. ఏం రాయబోయాడో, ఎవరి పేరు రాయబోయాడో నవనీత మెడ చాచి చూసింది. ఒక్క అక్షరం కూడా పడకముందే గదిలో లైట్లు పోయాయి.

ఏసీ ఆగింది. ఫ్యాన్లు ఒక చుట్టు తిరిగి నెమ్మదించాయి. పట్టపగలే అయినా దుమ్ము పట్టిన అద్దాల వెనక గది మసకబారింది. ఆ మసకలో నాలుగు ఫీడర్ల నాలుగు ఎర్రదీపాలు ఎప్పటిలాగే వెలుగుతున్నాయి. వాటికి బ్యాటరీ కరెంటు. ఎర్రదీపం వెలుగుతోందంటే లైను నిలబడి ఉంది అని అర్థం.

"లైట్ల ట్రాన్స్‌ఫార్మర్ కొట్టింది సార్" అన్నాడు విజేందర్, రోజూ అనే మాటే. "డీజిల్ ఇంజన్ ఏసొస్త."

"ఆగు" అంది నవనీత. ఓల్టు మీటర్ల దగ్గరికి పరుగెత్తింది. ఒకటి కిందికి వచ్చింది. రెండు పైకి పోయాయి. "ఎక్కడో తీగ పడ్డది. నాలుగు లైన్లు బంద్ చెయ్యి. మెయిన్ బంద్ చెయ్యి విజేందర్."

విజేందర్ చెయ్యి లేచింది. లేచి, కమలాకర్ వైపు చూసి, గాలిలో ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం, ఎండ నెత్తిమీద ఉన్న వేళ, ప్లాంటు మొత్తం ఆపడమంటే హెడ్డాఫీసు నుంచి ఫోన్లు రావడమే. కమలాకర్ నోరు తెరిచాడు. ఏ మాట చెబితే తన మెడకు చుట్టుకోదో వెతుక్కుంటున్నట్టున్నాడు, అది దొరకలేదు.

అప్పుడే వాకీటాకీ గరగరలాడింది.

"కంట్రోల్ రూమ్, కంట్రోల్ రూమ్. పరశురాంను మాట్లాడుతున్న."

గుర్వయ్య కొడుకు. తండ్రి దవాఖానలో ఉంటే తండ్రి లైను చూడటానికి అతన్నే పెట్టుకున్నారు. ఇంట్లో ఒకరికైనా జీతం రావాలి కదా అని కంపెనీ చేసిన దయ అది.

"మూడో నంబర్ లైన్ కాడ వైరొకటి కింద పడ్డది సార్. పాత మోటార్ల లైన్‌ది అయ్యుంటది. మనది నిలవడ్డదా? గొర్లొస్తున్నయ్ ఇటు దిక్కు. మనది నిలవడితే చెప్పున్రి, దీన్ని పక్కకు గుంజేస్త."

అదే ప్రశ్న. తండ్రి అడిగినదే. తండ్రికి దెబ్బ ఎలా తగిలిందో ఆ పిల్లవాడికి ఇంకా తెలియదు. వెంకటేశ్ ఏదో తప్పు చేశాడని మాత్రమే తెలుసు.

నవనీత మీటర్ల దగ్గర ఉంది. వాకీటాకీ రామచంద్రయ్య మోచేతి పక్కన ఉంది. ఆయన పెన్ను పెట్టేసి దాన్ని అందుకున్నాడు. ఎదురుగా మూడో నంబర్ ఎర్రదీపం నిశ్చలంగా వెలుగుతోంది. నౌకరీ చేసినన్నాళ్లూ దాన్ని చూసే ఆయన జవాబు చెప్పాడు, అందరి చేతా చెప్పించాడు.

ఆ గదిలో ఏదీ ముట్టడానికి హక్కు లేనివాడు ఒక్క వెంకటేశ్. అతను స్టూలును తన్నుకుంటూ వచ్చి, విజేందర్‌ను భుజంతో నెట్టి, మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"పరశురాం" అన్నాడు రామచంద్రయ్య. "విను బిడ్డా. మన లైన్ నిలవడ్డది. అందుకే దాన్ని ముట్టకు."

వెంకటేశ్ స్విచ్ తిప్పాడు. యార్డులో బ్రేకర్ పెద్ద చప్పుడుతో తెరుచుకుంది. మెయిన్ ప్యానెల్ మీద ఎర్రదీపం ఆరిపోయి పచ్చదీపం వెలిగింది.

"పరశురాం, వినవడ్డదా? ముట్టకు."

రామచంద్రయ్య బటన్ మీద నుంచి వేలు తీశాడు. వాకీటాకీలో గాలి చప్పుడు వస్తోంది. ఎక్కడో గొర్రెలు అరుస్తున్నాయి. పరశురాం మాట మాత్రం రాలేదు.